నేను రాసిచ్చిన సాక్ష్యం

జూన్ 2, ఆదివారం

ఈ నోటుపుస్తకం నర్సమ్మ గారిచ్చారు. ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో మానసిక వార్డు చూసి రిటైరైన మనిషి. మా చర్చి సంఘంలో మనసు బాగోలేని వాళ్ళ దగ్గర కూర్చోవడానికి మా నలుగురికి ఆరు వారాలు శిక్షణ ఇచ్చి, ఈ రోజు ఆరాధన అయ్యాక తలా ఒక పుస్తకం చేతిలో పెట్టారు. "ఇందులో వాళ్ళ గురించి కాదు, మీ గురించి రాసుకోండి. అక్కడ కూర్చుని వచ్చాక మీ లోపల ఏమైందో అది. ఎవరికీ చూపించొద్దు, నాక్కూడా" అన్నారు.

నియమాలు మూడే. సలహా ఇవ్వకూడదు. వాళ్ళు అడిగితే తప్ప బైబిలు వాక్యం చెప్పకూడదు. మందుల జోలికి పోకూడదు. అంటే ఊరికే కూర్చుని వినాలి. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే పేపరు పక్కన పెట్టి మరీ నవ్వాడు. "నువ్వా? వినడమా? ఎన్ని నిమిషాలు?" అన్నాడు.

నవ్వడంలో ఆయన తప్పేమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా కారు నడపడం నేర్పుతున్నాను. పక్క సీట్లో కూర్చుని ఎడమ, కుడి, ఆగు, పో అని చెప్పడమే నా ఉద్యోగం. నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది, స్టీరింగు పట్టుకున్న వాడి కన్నా ముందు నేనే తొక్కేస్తాను.

నాకు అప్పగించింది ఫ్రిజ్ తమ్ముడిని, సంఘంలో అతన్ని అందరం అలాగే అంటాం. ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్, నలభై లోపే ఉంటాడు. నాలుగు నెలలుగా పనికి పోవడం లేదు, ఆరాధనకు రావడం లేదు. నెల నుంచి డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాడు. ప్రతి బుధవారం సాయంత్రం నాలుగింటికి వెళ్ళి ఒక గంట కూర్చోవాలి. నావల్ల కాకపోవడానికి ఇందులో ఏముంది?

జూన్ 5, బుధవారం

ముందు గదిలో తలుపు ఊడదీసిన ఫ్రిజ్ ఒకటి నిలబడి ఉంది. ఎవరో కస్టమరుదట, నాలుగు నెలలుగా అలాగే ఉందట. దాని పక్కన కుర్చీలో తమ్ముడు. గడ్డం పెరిగింది. చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు.

"ఎలా ఉన్నావు తమ్ముడూ?" అన్నాను. "బాగానే ఉన్నానక్కా" అన్నాడు. అంతే, ఇక ఆ గంటంతా నాదే. నా దగ్గర నేర్చుకుంటున్న కళ్ళద్దాల లెక్చరరు మలుపు తిరగమంటే వైపరు వేస్తాడని చెప్పాను, ఎండల గురించి చెప్పాను, మా ఆయన మోకాళ్ళ గురించి చెప్పాను. లేస్తుంటే "పొద్దున్నే లేచి కాస్త నడువు, అంతా సర్దుకుంటుంది" అని కూడా అన్నాను. మొదటి నియమం మొదటి రోజే గంగలో కలిసింది.

గేటు దాకా వచ్చిన అతని భార్య "థాంక్సక్కా" అంది. పాపం, మర్యాదకే అంది.

జూన్ 6, గురువారం

నోరు మూసుకోవాలి.

జూన్ 12, బుధవారం

మూసుకున్నాను. ముప్ఫై ఐదు నిమిషాలు ఇద్దరం మాట్లాడలేదు. నా జీవితంలో అంత పొడుగు ముప్ఫై ఐదు నిమిషాలు లేవు. నాలుక కొనను పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు అతనే అన్నాడు. "స్నానానికి వెళ్తానక్కా. బకెట్ నిండిపోతుంది. నీళ్ళు పొర్లిపోతుంటాయి. చెంబు అక్కడే ఉంటుంది. తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలుసు. చెయ్యలేను." నేను సలహా ఇవ్వలేదు. ఇంటికొచ్చి స్నానాల గదిలో చెంబు కనబడితే ఏడుపొచ్చింది.

జూన్ 19, బుధవారం

రెండు మాటలు ఎక్కువ మాట్లాడాడు. చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయి. మాత్రలు నిద్ర పట్టిస్తున్నాయట.

జూన్ 26, బుధవారం

నేను వెళ్ళేసరికి నేల మీద కూర్చుని ఆ ఫ్రిజ్ తలుపు బిగిస్తున్నాడు! "అక్కా, ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇయ్యి" అన్నాడు, రోజూ అడుగుతున్నట్టే. గదిలో కేక పెట్టబోయి ఆగాను. వాళ్ళావిడ వంటింటి గుమ్మంలో నిలబడి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. వచ్చేటప్పుడు కారులో ఒక్కదాన్నే పాటలు పాడుకున్నాను, సిగ్గు లేకుండా.

జూలై 7, ఆదివారం

ఆరాధనకు వచ్చాడు. తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చుని చివరి పాటకు ముందే వెళ్ళిపోయాడు. అయినా వచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు చూసి తలలూపారు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

తర్వాత పాస్టరు గారు పక్కకు పిలిచారు. మా శిక్షణకూ, ఇంటి దగ్గర మాట్లాడలేని వాళ్ళను కూర్చోబెట్టి వినడానికీ వాడుకునే చర్చి వెనక గదిని సంఘ పెద్దలు మూడు నెలలకే ఇచ్చారు. ఉంచాలా తీసెయ్యాలా అనేది వచ్చే ఆదివారం తేలుస్తారట. పెద్దల్లో పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరు గారు, "ఊరికే కూర్చుని వింటే ఎవరు బాగుపడ్డారో చూపించండి" అని పట్టుబట్టారట.

"ఆ తమ్ముడు ఆరాధనలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి ఒక సాక్ష్యం చెప్తే బాగుంటుంది సిస్టర్" అన్నారు పాస్టరు గారు.

"అడుగుతానండి" అన్నాను.

జూలై 10, బుధవారం

అడిగాను. బలవంతం చేయలేదు. అడిగానంతే.

"నేనేం చెప్పగలనక్కా, అంతమంది ముందు?" అన్నాడు. భయపడకు అని నేనే ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చాను. చీకట్లో ఉన్నాను, మీరు ప్రార్థన చేశారు, దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడు, ఆయనకే స్తోత్రం. చదువుకుని "పూర్తిగానా అక్కా?" అన్నాడు. "అలాగే అంటారులే" అన్నాను.

నిజంగా అలాగే అంటారు. మా సంఘంలో లేచి నిలబడి "నాకు కొంచెం నయంగా ఉంది" అని సాక్ష్యం చెప్పిన వాళ్ళను నేను చూడలేదు. లేచారంటే జబ్బు పోయి ఉండాలి, కేసు కొట్టేసి ఉండాలి, ఉద్యోగం వచ్చి ఉండాలి. సగం సగం మేలుకు ఎవరు లేస్తారు?

వద్దనలేదతను. వద్దంటే ఊరుకునేదాన్ని.

జూలై 14, ఆదివారం

చెప్పాడు! కాగితం చూస్తూ ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాడు. అందరూ చప్పట్లు. హెడ్మాస్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. గది ఏడాది పాటు మాదే.

నర్సమ్మ గారు మెట్ల దగ్గర ఆపి "ఆ మాటలు అతనివేనా అమ్మా?" అన్నారు. "అతనివేనండి" అన్నాను. అతని నోటితోనే కదా వచ్చాయి.

జూలై 17, బుధవారం

హుషారుగా ఉన్నాడు. తెగ మాట్లాడాడు. నేను వెళ్ళకపోయినా ఫరవాలేదేమో అనిపించింది.

జూలై 24, బుధవారం

లైసెన్సు పరీక్షలు. వెళ్ళలేదు. కళ్ళద్దాల లెక్చరరు మళ్ళీ తప్పాడు. అతనికి స్తంభాలంటే అదేం ప్రేమో.

జూలై 31, బుధవారం

తమ్ముడు లోపలి గదిలోంచి రాలేదు. పని ఎక్కువై అలిసిపోయాడని వాళ్ళావిడ చెప్పింది. ఎక్కువే ఉంటుంది మరి, అయిదు నెలల పని పేరుకుపోయింది కదా. పది నిమిషాలు కూర్చుని వచ్చేశాను.

ఆగస్టు 4, ఆదివారం

ఆరాధనకు రాలేదు. జలుబట.

ఆగస్టు 7, బుధవారం

రాత్రి పదకొండైంది. అయినా రాస్తాను.

పొద్దున పదింటికి మైదానంలో లెక్చరరు చేత రివర్సు చేయిస్తున్నాను. గేటు దగ్గర తమ్ముడి భార్య నిలబడి ఉంది. ఆవిడ టీచరు, స్కూల్లో పిల్లలకు చదువు చెప్పే టైములో ఇక్కడెందుకుంది? కారు ఆపించి దిగాను. నన్ను చూడగానే చేతిలో డబ్బా తెరిచి చూపించింది. నిండా మాత్రలు.

"ఇరవై నాలుగక్కా. మీరు సాక్ష్యం చెప్పించిన రోజు నుంచి ఒక్కటీ మింగలేదు. నా ముందు నోట్లో వేసుకుని, తర్వాత తీసి ఇందులో పెట్టాడు. ఎందుకిలా చేశావంటే, అందరి ముందు దేవుడు పూర్తిగా బాగుచేశాడని చెప్పొచ్చి, ఇంట్లో మాత్ర వేసుకుంటే ఆయన ముందు అబద్ధాలకోరునవుతాను కదా అన్నాడు."

మీరు చెప్పించిన, అంది. అమాయకంగానే అంది.

"ఇంకోటక్కా. నిన్న కూర్చుని ఏ కస్టమరు వస్తువు ఎక్కడుందో, ఎవరికి ఏది ఇవ్వాలో వరసగా రాసి నాకిచ్చాడు. నువ్వు చూసుకోగలవులే అన్నాడు."

నర్సమ్మ గారు శిక్షణ నాలుగో వారంలో చెప్పారు, ఉన్నట్టుండి మనిషి అన్నీ సర్దిపెట్టి ఎవరికో అప్పజెబుతుంటే ఒక్క గంట కూడా ఆగొద్దని. ఆ అమ్మాయిని కారెక్కించాను. లెక్చరరు ఇంకా స్టీరింగు ముందే బిగుసుకుని కూర్చున్నాడు. "వెనక్కి జరగండి సారూ" అంటే నోరెత్తకుండా వెనక సీట్లోకి పోయాడు. దారిలో నర్సమ్మ గారికి ఫోను చేసింది కూడా అతనే, నంబరు నేను చెబుతుంటే.

తమ్ముడు ముందు గదిలోనే ఉన్నాడు. గోడకు ఆనుకుని నేల మీద. ఎదురుగా కూర్చున్నాను. చావు గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని శిక్షణలో నేనే వాదించాను. పుట్టదు, తలుపు తెరుచుకుంటుంది అన్నారు నర్సమ్మ గారు. ఆవిడ చెప్పినట్టే అడిగాను.

"తమ్ముడూ, చచ్చిపోవాలనిపిస్తోందా?"

నా చేతుల కేసి చూశాడు. "అనిపిస్తోందక్కా" అన్నాడు. అని, ఏడ్చాడు. రెండు నెలల్లో ఇదే మొదటిసారి ఏడవడం. నేను కదలకుండా అక్కడే కూర్చున్నాను.

నర్సమ్మ గారు ఇరవై నిమిషాల్లో వచ్చారు. అందరం కలిసి ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరు చేర్చుకున్నారు. బతికే ఉన్నాడు. బతికే ఉన్నాడు.

ఆగస్టు 8, గురువారం

జూలై పదో తారీకు పేజీ తీసి చదివాను. బలవంతం చేయలేదని రాసుకున్నాను. చేశాను.

ఆగస్టు 10, శనివారం

నర్సమ్మ గారి దగ్గరికి వెళ్ళి, ఆ కాగితం నేనే రాసిచ్చానని, మెట్ల దగ్గర అబద్ధమాడానని చెప్పాను. తిడితే బాగుండేది. "ఆ రోజే అనుకున్నా. ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు, అది నా తప్పు" అన్నారు.

తమ్ముణ్ణి వేరే ఎవరికైనా అప్పగించమని కూడా చెప్పాను. ఇంకా ఏ ముఖం పెట్టుకుని ఆ గుమ్మం తొక్కను? "అది అతను చెప్పాలి, నువ్వు కాదు" అన్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆస్పత్రిలో నర్సులు చేతికిస్తే మాత్ర మింగుతున్నాడట. ఇంటికెళ్ళాక మింగనని డాక్టరుకే చెప్పాడట. తాను దేవుడి ముందు చెప్పిన మాట ఒకటుందట, అది నిలబెట్టుకోవాలట. డాక్టరుకు ఈ సాక్ష్యమేమిటో తలా తోకా అర్థం కాక నర్సమ్మ గారిని పిలిపించి అడిగారట.

ఆగస్టు 11, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు గారితో చెప్పాను. నేను లేచి ఆ సాక్ష్యం నాదని చెప్పేస్తాను, అతనికి ఆ బరువు దిగుతుంది అన్నాను.

ఆయన చాలాసేపు బల్ల మీది పుస్తకాలు సర్దారు. "సాక్ష్యం చెప్పడమే తప్ప వెనక్కి తీసుకోవడం మన దగ్గర లేదు సిస్టర్. పెద్దలు ఏమంటారో. గది కూడా పోతుందేమో" అన్నారు. చివరి పుస్తకం పెడుతూ, "అడగమన్నది నేనే కదా" అన్నారు తనలో తనే. చెడ్డవాడు కాదు. నాలాగే తొందరపడ్డాడు.

పోతే పోనీ గది అని, వచ్చే ఆదివారమే చెప్పేద్దామని ఆవేశంగా ఇంటికొచ్చాను. మా ఆయన అంతా విని ఒకటే అన్నాడు. "అతన్ని అడిగావా?"

అడగలేదు. మళ్ళీ అతని సంగతి నేనే నిర్ణయించేస్తున్నాను. ఈ ముసలాడికి ఇంత తెలివి ఎప్పుడొచ్చిందో.

ఆగస్టు 13, మంగళవారం

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద ఇద్దరం. గడ్డం గీయించుకున్నాడు.

"ఆ మాటలు నావి తమ్ముడూ. నువ్వు పూర్తిగానా అని అడిగావు కూడా. నేనే వినలేదు. నువ్వు అబద్ధమాడలేదు, నేనాడించాను. తప్పు నాది."

"తెలుసక్కా. కానీ చెప్పింది నేనేగా."

అప్పుడు అడిగాను, ఇది సంఘంలో అందరి ముందూ ఒప్పుకోవడం నాకు ఇష్టం, కానీ నువ్వు సరేనంటేనే అని.

"రేపు చెప్తా" అన్నాడు. రేపటి దాకా ఆగడం నాకు అలవాటు లేదు. ఆగుతున్నాను.

ఆగస్టు 14, బుధవారం

"నీ తప్పు నువ్వు ఒప్పుకో అక్కా. నా జబ్బు పేరూ, మాత్రల సంగతీ ఎత్తకు. నేను ఏమైనా చెప్పాలో వద్దో అక్కడికొచ్చాక చూసుకుంటా" అన్నాడు.

"రాకపోయినా ఫరవాలేదు."

"వస్తా. నువ్వేం చెప్తావో వినాలిగా."

ఆగస్టు 19, సోమవారం

ఇంటికి పంపేశారు. డాక్టరు వారం మాత్రలు ఇచ్చి, రోజూ భార్య ఎదుట వేసుకోమన్నారు. ఆదివారం దాకా వేసుకుంటాడట, తర్వాత సంగతి ఆదివారం తర్వాతట. ఆ అమ్మాయే ఫోనులో చెప్పింది. మొత్తం నా నెత్తి మీద పెట్టినట్టే ఉంది.

ఆగస్టు 24, శనివారం

అయిదు కాగితాలు రాసి చింపేశాను. ఇక రాయను. కాగితంతోనే కదా ఇంత దూరం వచ్చింది.

ఆగస్టు 25, ఆదివారం

పాస్టరు గారు వాక్యం అయ్యాక నా వైపు చూసి తల ఊపారు. లేచాను. ఇరవై రెండేళ్ళుగా నోటితో బతుకుతున్న దాన్ని, మొదటి మాట రావడానికి ఎంత సేపు పట్టిందో తెలియదు.

"పోయిన నెల పద్నాలుగున ఇక్కడ ఒక తమ్ముడు సాక్ష్యం చెప్పాడు. ఆ మాటలు అతనివి కావు. నేను రాసిచ్చాను. పూర్తిగా బాగయ్యానని చెప్పమన్నది నేను. పూర్తిగానా అని అతను అడిగాడు కూడా. మా పని గొప్పగా కనబడాలనీ, గది మాకే ఉండాలనీ నాకు ఆశ. అందుకని అతని సందేహాన్ని వినిపించుకోలేదు. వినడానికే నన్ను పంపారు. దేవుడి ముందు అబద్ధం ఎవరైనా ఆడారంటే అది నేను. నన్ను క్షమించండి."

కూర్చున్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆరాధనలో చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు.

వెనక బెంచీ చప్పుడైంది. తిరిగి చూడొద్దనుకుంటూనే తిరిగాను. తమ్ముడు లేచి నిలబడ్డాడు. చేతిలో ఏమీ లేదు. ముందు బెంచీని పట్టుకున్నాడు.

"నాకు కొంచెం నయంగా ఉంది" అన్నాడు. అంత మెల్లగా అన్నా అందరికీ వినబడింది. "మొన్న ఆస్పత్రిలో ఉన్నాను. ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. ఇంకా వేసుకోవాలట. పొద్దున స్నానం చేసి వచ్చాను. దేవుడికి స్తోత్రం. అంతే."

కూర్చున్నాడు. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇలాంటి సాక్ష్యానికి చప్పట్లు కొట్టాలో, ప్రార్థన చెయ్యాలో మా సంఘంలో ఎవరికీ తెలియదు. అప్పుడు మా ఆయన గట్టిగా "ఆమేన్!" అన్నాడు. అక్కణ్ణించి ఒక్కొక్కరూ అందుకున్నారు. తమ్ముడి భార్య మాత్రం అనలేదు, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని భోరున ఏడుస్తోంది. నేనూ అదే పని.

బయట వరండాలో టీ ఇస్తున్నారు. నేను స్తంభం చాటున నిలబడ్డాను, ఎవరి ముఖమూ చూసే ధైర్యం లేక. పాస్టరు గారు దగ్గరికొచ్చి, గది సంగతి వచ్చే నెల పెద్దల ముందుకొస్తుందనీ, ఇక నుంచి సాక్ష్యం చెప్పమని ఎవరినీ తాను అడగననీ చెప్పి వెళ్ళారు. నర్సమ్మ గారు ఒక కప్పు టీ తెచ్చి నా చేతిలో పెట్టారు.

అటుపక్క హెడ్మాస్టరు గారు తమ్ముణ్ణి పట్టుకున్నారు. పెద్దాయన కాసేపు నీళ్ళు నమిలి, "ఆ మాత్ర ఇంకా ఎన్నాళ్ళు వేసుకోవాలోయ్?" అన్నారు.

"డాక్టరు ఆపమనే దాకా అండీ" అన్నాడు తమ్ముడు. "వేసుకుంటాను."

వేసుకుంటానన్నాడు. ఎవరూ చెప్పించలేదు, ఎవరూ రాసివ్వలేదు.

పెద్దాయన తల పంకించారు. "మంచిది. మా ఫ్రిజ్ కింద నీళ్ళు కారుతున్నాయి, తొందరేం లేదు. ఓపికున్నప్పుడు రా. బుధవారం సాయంత్రం వీలవుతుందా?"

"బుధవారం కుదరదండీ" అన్నాడు తమ్ముడు. "ఆ రోజు మా అక్క వస్తుంది."